సుబ్బారావుగారి శతజయంతికి శిబిరాలు తెరవండి

రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యాశాఖల అధికారులకు, విశ్వవిద్యాలయాల జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) సమన్వయకర్తలకు, కళాశాలల ప్రిన్సిపాళ్లకు

నమస్కారం.

2029 ఫిబ్రవరి 7 నాటికి ఎస్.ఎన్. సుబ్బారావుగారు పుట్టి వందేళ్లవుతుంది. ఆయన శిబిరాలకు వెళ్లివచ్చినవాళ్లు దేశంలో ఏ మూల ఉన్నా ఆయనను భాయీజీ అనే పిలుస్తారు. ఆ రోజున పూలదండలు, సభలు, ఒక ప్రత్యేక సంచిక ఎలాగూ ఉంటాయి. ఉండనివ్వండి. అయితే ఆయన ఆరు దశాబ్దాలకు పైగా చేసిన పని మాత్రం ఒక్కటే. వేర్వేరు రాష్ట్రాల యువతీ యువకులను ఒకచోట చేర్చి, కొన్ని రోజులు కలిపి ఉంచి, చేతులతో పని చేయించి, గొంతెత్తి పాడించి, తిరిగి వాళ్ల ఊళ్లకు పంపేవారు. శతజయంతికి ముందున్న వేసవుల్లో ఆ పనిని మన కళాశాలల్లో మళ్లీ నిలబెట్టమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. నేను డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పి, చాలా ఏళ్లు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. శిబిరం ఎలా నడుస్తుందో, ఎలా నీరుగారుతుందో రెండూ దగ్గరగా చూశాను.

ఆయన గురించి ఈ తరం అధికారులలో అందరికీ తెలిసి ఉండకపోవచ్చు కాబట్టి కొంత చెప్పాలి. బెంగళూరులో 1929లో పుట్టారు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు వచ్చినప్పుడు పదమూడేళ్ల బడి పిల్లవాడు. వీధి గోడల మీద ఆ నినాదం రాస్తూ పోలీసులకు దొరికాడు. పెద్దయ్యాక న్యాయశాస్త్రం చదివారు. కానీ వకీలు కోటు వేసుకోకుండా డాక్టర్ ఎన్.ఎస్. హర్డీకర్ పిలుపు మీద ఢిల్లీ వెళ్లి కాంగ్రెస్ వాలంటీర్ల సంస్థ సేవాదళ్‌లో యువకులకు శిక్షణ ఇచ్చే పనిలో చేరారు. పెళ్లి చేసుకోలేదు. ఎండాకాలమైనా, ఉత్తరాది చలికాలమైనా ఒంటిమీద ఖాదీ పొట్టి చేతుల చొక్కా, ఖాదీ నిక్కరే. 2021 అక్టోబర్ 27న జైపూర్‌లో కన్నుమూసేనాటికి తొంభై రెండేళ్లు. అంత్యక్రియలు చంబల్ ప్రాంతంలో, జౌరాలోని ఆయన ఆశ్రమంలోనే జరిగాయి.

హర్డీకర్ పేరు ప్రస్తావించాను గనుక ఇక్కడ కాస్త ఆగాలి. ఈ కథలో మన వాటా ఉంది. 1923లో నాగపూర్ జెండా సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన హుబ్లీ వాలంటీర్లు క్షమాపణ చెప్పడానికి నిరాకరించి, శిక్ష పూర్తిగా అనుభవించి బయటికి వచ్చారు. వాళ్ల నాయకుడు హర్డీకర్. ఆ క్రమశిక్షణను చూసిన కాంగ్రెస్, దేశమంతటికీ అలాంటి వాలంటీర్ల దళం ఉండాలని అదే ఏడాది డిసెంబర్‌లో తీర్మానించింది. ఆ తీర్మానం జరిగింది కాకినాడ మహాసభలో. తర్వాత సేవాదళ్‌గా ఎదిగిన సంస్థకు పురుడు పోసిన ఊరు కాకినాడ. అదే సభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర కాపలా ఉన్న పద్నాలుగేళ్ల వాలంటీరు దుర్గాబాయి, టికెట్టు లేదని నెహ్రూను లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు టికెట్టు కొని తెచ్చాకే ఆయన లోపలికి వెళ్లారు. చిన్న వయసు వాళ్ల చేతికి నిజమైన బాధ్యత ఇస్తే వాళ్లు దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటారో చెప్పడానికి నాకు తెలిసిన ఉదాహరణల్లో ఇంతకు మించినది లేదు. సుబ్బారావుగారు ఆ బడిలోంచే వచ్చారు. కాబట్టి ఆయన శతజయంతి మనకు పొరుగు రాష్ట్రం వాళ్ల పండుగ కాదు.

1969లో గాంధీ శతజయంతి వచ్చింది. ఎన్‌ఎస్‌ఎస్ పుట్టింది కూడా ఆ ఏడాది సెప్టెంబర్ 24ననే. ముప్పై ఏడు విశ్వవిద్యాలయాల్లో నలభై వేల మంది విద్యార్థులతో మొదలైంది. గాంధీజీ జీవితాన్ని చూపే ప్రదర్శన రైలు బాధ్యతను అప్పుడు సుబ్బారావుగారికి అప్పగించారు. ఆ రైలుతో దేశమంతా తిరిగారు. స్టేషన్లలో చూడవచ్చిన యువకులతో మాట్లాడారు, పాడించారు, పేర్లు రాసుకున్నారు. ఆ ప్రయాణం వెంటనే 1970లో ఆయన శిబిరాలు నడిపిన సంస్థ, జాతీయ యువజన పథకం మొదలైంది. జౌరాలో మహాత్మాగాంధీ సేవాశ్రమం కూడా అప్పుడే లేచింది.

జౌరాను ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించండి. మధ్యప్రదేశ్‌లోని మొరేనా జిల్లా అది. వాన నీరు కోసి కోసి పాడుచేసిన లోయలు, వాటిలో తుపాకులతో తిరిగే ముఠాలు. పోలీసులే భయపడి వెళ్లే చోట ఆయన యువజన శిబిరాలు పెట్టారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు ఆ పల్లెల్లో పలుగూ పారా పట్టి దారులు వేశారు, నేల చదును చేశారు. ఎవరో కొత్త పిల్లలు వచ్చి తమ ఊరికి బాట వేస్తున్నారంటే గ్రామస్థులు చూస్తారు, ఆ గ్రామాల్లో బంధువులున్న బందిపోట్లకూ కబురు చేరుతుంది. నమ్మకం అలా, నెమ్మదిగా, మట్టి మోసిన చేతుల వల్ల ఏర్పడింది. 1960లోనే వినోబా భావే ముందు కొందరు ఆయుధాలు దించారు. ఆ తర్వాత బందిపోటు నాయకుడు మాధోసింగ్ మారుపేరుతో పట్నాకు వెళ్లి సర్వోదయ నాయకుడు జయప్రకాశ్ నారాయణ్‌ను కలిశాడు. 1972 ఏప్రిల్ 14న జౌరాలో గాంధీజీ చిత్రపటం ముందు, జయప్రకాశ్ సమక్షంలో ముఠాలు తుపాకులు పెట్టేశాయి. ఆ ఘట్టానికి నేల సిద్ధం చేసినవాళ్లలో సుబ్బారావుగారు ముఖ్యులు. ఆ తర్వాత లొంగిపోయినవాళ్ల కుటుంబాల పునరావాసానికీ ఆశ్రమం పనిచేసింది. కవి జాషువా కుమార్తె హేమలతా లవణం చంబల్‌లో వినోబా వెంట పనిచేసి వచ్చి, తర్వాత స్టువర్టుపురంలో నేరస్థుల తెగగా ముద్రపడిన కుటుంబాల మధ్య జీవితం గడిపారు. చంబల్ నుంచి మన తీరానికి వచ్చిన దారి అది. దాన్ని మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదన్నది నాకు నిజంగా బాధ.

ఇక శిబిరం సంగతి. ఆయన శిబిరాల్లో దినచర్య చూడటానికి చాలా మామూలుగా ఉండేది. తెల్లవారకముందే లేవడం, వ్యాయామం, జెండా వందనం, శ్రమదానం, స్నానం, చర్చ, భాషల తరగతి, సాయంత్రం అన్ని మతాల ప్రార్థన, రాత్రి పాటలు, నాటికలు. ఇదే పట్టికను మన కళాశాలలు కూడా నోటీసు బోర్డుకు అంటిస్తాయి. తేడా పట్టికలో లేదు. ఆ పట్టికలోని ప్రతి గంటలోనూ ఆయన ఉండేవారు. వ్యాయామంలో ముందు వరుసలో ఆయన. మట్టి తట్ట ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లే వరుసలో ఆయన. పిల్లలతో పాటు నేల మీద కూర్చుని, వాళ్లు తినేదే తినేవారు. ఎనభై ఏళ్లు దాటాక కూడా ఇది మారలేదు. "ఒక గంట దేహానికి, ఒక గంట దేశానికి" అన్న ఆయన పిలుపు చాలా మందికి తెలుసు. దాన్ని ఆయన వేదిక మీద చెప్పి కారెక్కి వెళ్లిపోయే మనిషి కాదు కాబట్టే పిల్లల్లో అది నిలిచింది.

రెండోది, పాట. ఉపన్యాసం కన్నా ముందు పాడించేవారు. గొంతు బాగున్నవాళ్ల చేత పాడించి మిగతావాళ్లను చప్పట్లు కొట్టమనడం కాదు. అందరి చేతా పాడించేవారు, ఒక పాదం ఆయన, ఒక పాదం పిల్లలు. ఎన్నో భారతీయ భాషల్లో పాటలు ఆయనకు కంఠతా వచ్చు. 'భారత్ కీ సంతాన్' అనే కార్యక్రమాన్ని ఆయన రూపొందించారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో అప్పటికి పద్దెనిమిది భాషలు. ఆ భాషలన్నిటి పాటలూ వరుసగా వస్తుంటే, ఒక్కో భాష తరఫున ఒక జంట ఆ ప్రాంతపు దుస్తుల్లో వేదిక మీదికి వస్తుంది. చివరికి అందరూ చేతులు పట్టుకుని నిలబడతారు. తెలుగు పాట వచ్చినప్పుడు అస్సాం పిల్ల తెలుగు ఓణీ కట్టుకుని ఆడితే, కాశ్మీరీ పాటకు మన కుర్రవాడు అడుగు వేసేవాడు. ఎవరి భాషకు వాళ్లే ప్రతినిధులుగా ఉండాలన్న నియమమేదీ లేదు. పక్కవాడి పాట నేర్చుకోవడమే అందులోని ఆనందం.

మూడోది నాకు అన్నిటికన్నా విలువైనది. ఒకే ఊరి పిల్లలను ఒకే గుంపుగా ఉండనిచ్చేవారు కాదు. పనికి, భోజనానికి, పడకకు జట్లు కలిపేసేవారు. పిల్లల ఉత్సవాల్లో అయితే బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన బాలబాలికలు స్థానిక కుటుంబాల ఇళ్లలోనే అతిథులుగా ఉండేవారు. మతం, భాష వేరైన ఇంట్లో అయిదారు రోజులు తిని పడుకున్న పిల్లవాడికి ఆ మతం గురించి, ఆ భాష గురించి తర్వాత ఎవరు ఏ విషం చెప్పినా అంత తేలిగ్గా ఎక్కదు. అక్కడ వాడికి అన్నం పెట్టిన ఒక అమ్మ ముఖం గుర్తుంటుంది. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాతి ఉద్రిక్త కాలంలో, 1993లో ఆయన సద్భావనా రైలు యాత్ర మొదలుపెట్టింది ఈ నమ్మకంతోనే. రైలు ఆగిన ప్రతి ఊళ్లో యువకులు వీధుల్లోకి వెళ్లి కలిసి పాడారు, కలిసి ప్రార్థించారు.

ఆ శిబిరాలు ఏమి మిగిల్చాయని అడిగేవారికి పి.వి. రాజగోపాల్ ఒక్కరు చాలు. కేరళ నుంచి వచ్చిన యువకుడిగా జౌరాలో సుబ్బారావుగారి దగ్గర పనిచేశారు. తర్వాత ఏక్తా పరిషత్ ద్వారా భూమిలేని పేదలను కూడగట్టి, 2007 అక్టోబర్‌లో పాతిక వేల మందిని గ్వాలియర్ నుంచి ఢిల్లీకి నడిపించారు. అంతమంది రోడ్డు మీద రోజుల తరబడి నడిచినా క్రమశిక్షణ తప్పలేదు. ఆ నడక వెనుక శిబిరాల్లో అలవడిన పద్ధతి ఉంది: వంట జట్లు, నీళ్ల జట్లు, పాట, ప్రార్థన, నిద్ర.

ఇప్పుడు మన సంగతి. ఎన్‌ఎస్‌ఎస్ నియమాల ప్రకారం ఒక వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. కాగితం మీద ఇంత చక్కని పథకం మరొకటి లేదు. కానీ చాలా చోట్ల జరుగుతున్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఉదయం బస్సులో పిల్లలను గ్రామానికి తీసుకువెళ్లి సాయంత్రానికి తిరిగి తెస్తారు. బ్యానరు కట్టి, చీపుళ్లు పట్టించి ఫోటో తీస్తారు. ముఖ్య అతిథి వచ్చి అరగంట మాట్లాడతారు. శుభ్రం చేసిన వీధి మర్నాటికి యథాతథం. ఏడో రోజున ధ్రువపత్రం. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వాళ్లకు ఇచ్చిన పని ఆ ఊరికి అవసరమైనది కాదని వాళ్లకు మొదటి రోజే అర్థమవుతుంది. అవసరం లేని పనిని మనసు పెట్టి చేయమని ఏ పిల్లవాణ్ణి అడగగలం?

మరోవైపు, వేసవి సెలవులు ఇంటర్మీడియట్ పిల్లలకు ఎప్పుడో పోయాయి. ప్రవేశ పరీక్షల శిక్షణ, ఆ తర్వాత పై తరగతికి ముందస్తు పాఠాలు. డిగ్రీ పిల్లలకు సెలవులున్నా చేయడానికి ఏమీ లేక ఫోనుకు అతుక్కుపోతున్నారు. పద్దెనిమిదేళ్ల వయసులో సొంత జిల్లా దాటి కొత్తవాళ్లతో వారం రోజులు గడపని పిల్లలు మన తరగతి గదుల్లో నిండుగా ఉన్నారు. రాష్ట్రం రెండయ్యాక అటు పిల్లలకు ఇటు పిల్లలు, ఇటు వాళ్లకు అటు వాళ్లు ఫోను తెరల మీదే పరిచయం. తెర మీద తిట్టుకునే ఇద్దరు కుర్రాళ్లు ఒక గునపం దగ్గర కలిస్తే స్నేహితులవుతారని భాయీజీ పని చూసినవాళ్లెవరూ సందేహించరు.

అందుకే నేను కోరేది. 2029కి ముందు వచ్చే ప్రతి వేసవిలోనూ రెండు రాష్ట్రాలూ కలిసి కనీసం రెండు ఉమ్మడి శిబిరాలు నడపండి. ఒకటి తెలంగాణలో, ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో. పిల్లల్లో సగం అటువాళ్లు, సగం ఇటువాళ్లు కాకుండా, కొంతమంది కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, తమిళనాడు, ఛత్తీస్‌గఢ్ పిల్లలనూ పిలవండి. వీళ్లంతా మన సరిహద్దుల అవతలివాళ్లే, పెద్ద ప్రయాణ ఖర్చు కూడా ఉండదు. జట్లు ఆయన పద్ధతిలోనే కలపండి. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి శిబిరం కాకినాడలో జరిగితే, సేవాదళ్ పుట్టిన చోటనే ఆ సంప్రదాయం మళ్లీ మొదలైనట్టవుతుంది. తెలంగాణలో అయితే చెరువు దగ్గర పెట్టండి.

చెరువు అనడానికి కారణం ఉంది. మన నేల మీద వేసవి పూడికతీత కాలం. మే నెలలో నీరు అడుగంటి, ఒండ్రు బయటపడుతుంది. జూన్‌లో వాన పడేలోగా తీసి పొలాలకు తోలాలి. రైతుకు ఎరువు ఖర్చు తగ్గుతుంది, చెరువులో నీళ్లు ఎక్కువ నిలుస్తాయి. పెద్ద చెరువులకు యంత్రాలు కావాలి, నిజమే. కానీ చిన్న కుంటలు, పంట కాలువలు, తూముల ముందు పేరుకున్న చెత్త, కట్ట మీద మొలిచిన కంప చెట్లు, ఇవన్నీ చేతులతో చేయగల పనులు. ఊళ్లో రైతులు తమకు ఏది అవసరమో ముందే చెప్పాలి, వాళ్లూ పక్కన నిలబడి పని చేయాలి. అలాంటి పని పూర్తయ్యాక పిల్లలకు ఫోటో అవసరం ఉండదు. మొదటి వానకు కుంట నిండిందని ఆ ఊరి నుంచి ఎవరో ఫోను చేస్తారు.

ఎండ గురించి మీరు అడుగుతారని తెలుసు. మే ఎండలో పిల్లలను మైదానంలో నిలబెట్టమని నేను చెప్పడం లేదు. తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఎనిమిది వరకే శ్రమదానం. తొమ్మిదికల్లా అందరూ నీడకు చేరాలి. వడగాలి వేళంతా లోపల భాషల తరగతులు, చర్చలు, పాటల సాధన. ఒడియా పిల్ల తెలుగు అక్షరాలు దిద్దితే, తెలుగు పిల్లవాడు కన్నడంలో తన పేరు రాసుకుంటాడు. సాయంత్రం ఎండ దిగాక ఆటలు, ప్రార్థన. మజ్జిగ, రాగి జావ, ఒక నర్సు, దగ్గరలో ఆసుపత్రికి వాహనం ఉంటే భయపడవలసిన అవసరం లేదు. అరకు, పాడేరు వైపు పెడితే ఎండ బాధ మరీ తక్కువ.

ఆడపిల్లల తల్లిదండ్రుల భయం వేరు, అది న్యాయమైనది. సగం మంది ప్రోగ్రాం ఆఫీసర్లు మహిళలై ఉండాలి. వాళ్లు రాత్రి శిబిరంలోనే ఉండాలి. తల్లిదండ్రులు ఏ రోజైనా వచ్చి చూసి, పిల్లలతో కలిసి భోంచేసి వెళ్లే స్వేచ్ఛ ఇవ్వాలి. ఒక్కసారి వచ్చి చూసిన తల్లి పక్కింటి తల్లికి చెబుతుంది, ఆ మాట మన ప్రకటనలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన విషయం అధ్యాపకులది. భాయీజీ శిబిరాలు నిలబడ్డాయంటే ఆయన అక్కడే ఉన్నందువల్ల. కాబట్టి శిబిరానికి వెళ్లే అధ్యాపకుడు ఆ రోజులన్నీ అక్కడే పడుకోవాలి, పిల్లలతో తినాలి, మట్టి ఎత్తాలి. అలా చేసేవాళ్లకు సెలవుల్లో పనిచేసినందుకు రావలసిన సంపాదిత సెలవును చిక్కులు పెట్టకుండా మంజూరు చేయండి. బిల్లులు ఏడాది తర్వాత ఇస్తామంటే నిజాయితీగా పనిచేసే మనిషి రెండోసారి ముందుకు రాడు. శిబిర ఖర్చు ముందే ఇవ్వండి, తర్వాత లెక్క కచ్చితంగా అడగండి. మంత్రులు, అతిథులు వస్తామంటే రానివ్వండి, కానీ వచ్చినవాళ్లు గంటసేపు తట్ట మోసి, ఆ తర్వాత మాట్లాడాలన్న నియమం పెట్టండి. ఆయన శతజయంతి శిబిరంలో ఈ ఒక్క నియమం మీద రాజీపడవద్దని నా మనవి.

అధ్యాపకులను ఎంపిక చేసేటప్పుడు ఆయన శిబిరాల్లో శిక్షణ పొందిన పాత వాలంటీర్లను వెతకండి. రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. కొందరు టీచర్లు, కొందరు బ్యాంకు ఉద్యోగులు, కొందరు రైతులు. వాళ్లకు ఆ పాటలు వచ్చు, ఆ ప్రార్థన వచ్చు, జట్లు కలిపే నేర్పు వచ్చు. వాళ్ల వయసు పెరుగుతోంది. 2029 దాకా ఆగి అప్పుడు పిలిస్తే కొందరు రాలేని స్థితిలో ఉంటారు. ఈ వేసవిలోనే వాళ్లను కూర్చోబెట్టి కొత్త ప్రోగ్రాం ఆఫీసర్లకు పది రోజుల శిక్షణ ఇప్పించండి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

రాబోయే విద్యా సంవత్సరం క్యాలెండరు ఖరారు చేసేటప్పుడే ఈ శిబిరాల తేదీలు అందులో చేర్చాలి. సెమిస్టరు పరీక్షలు అయ్యాక తేదీలు వెతుక్కుంటే మళ్లీ వచ్చే ఏడాదికే వాయిదా పడుతుంది. వంటపాత్రల లెక్క నుంచి పారల సంఖ్య దాకా, ఏ కుంట ఎంచుకోవాలన్న దాని దాకా, నాకు తెలిసినది చెప్పడానికి, వచ్చి శిబిరంలోనే బస చేయడానికి నేను సిద్ధం. నాలాంటి వాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఒక ఉత్తర్వు వేసి పిలవండి, వస్తాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు, మాజీ ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు